కుదవ కొట్టులో ఒక పెళ్లి: ‘విత్ యూ, వితౌట్ యూ’

శ్రీలంక దర్శకుడు ప్రసన్న వితానగె 2012లో తీసిన ఈ చిత్రాన్ని మొదటిసారి చూసినప్పుడు అరగంట గడవకముందే ఆపేశాను. ఒక మనిషి కొట్టు తెరుస్తాడు, ఎవరో తెచ్చిన నగ చూస్తాడు, డబ్బు లెక్కపెట్టి ఇస్తాడు, కొట్టు కట్టేసి టీవీ ముందు కూర్చుని కుస్తీ పోటీలు చూస్తాడు, పడుకుంటాడు, మళ్లీ తెల్లవారుతుంది. ఆ రోజు నాకు అంత ఓపిక లేకపోయింది. కొన్ని నెలల తర్వాత, ఇంట్లో ఎవరూ లేని ఒక వానాకాలపు మధ్యాహ్నం, మళ్లీ మొదటినుంచి పెట్టుకుని చివరిదాకా చూశాను. ఈమధ్య మా అమ్మతో కలిసి మూడోసారి చూశాను. నిడివి దాదాపు గంటన్నరే అయినా, చూస్తున్నప్పుడు మూడు గంటలు కూర్చున్నట్టు ఉంటుంది, చూశాక మాత్రం వారం రోజులు వదలదు. అందుకే తెలుగు ప్రేక్షకులకు దీని గురించి కాస్త వివరంగా చెప్పాలనిపించింది.

పేరుతోనే మొదలుపెడతాను. సింహళంలో ఈ చిత్రం పేరు ‘ఒబ నతువ ఒబ ఎక్క’. నీవు లేకుండా, నీతో కలిసి అని దాని అర్థం. ఆంగ్లంలోకి వచ్చేసరికి క్రమం తిరగబడి ‘విత్ యూ, వితౌట్ యూ’ అయింది. చిన్న మార్పే కానీ, నాకు సింహళ క్రమమే నచ్చింది. ఆంగ్లంలో చదివితే ఒక జంట కలిసింది, తర్వాత విడిపోయింది అన్నంత మామూలు కథగా వినిపిస్తుంది. సింహళంలో లేకపోవడమే ముందుంది. ఈ చిత్రంలో భార్యాభర్తలు ఒకే కప్పు కింద, ఒకే పడకగదిలో ఉన్నప్పుడు కూడా ఒకరికొకరు లేరు. ఆ వెలితిలోనే వాళ్ల కాపురం సాగుతుంది.

కథాస్థలం శ్రీలంక మధ్యభాగంలోని కొండసీమ, తేయాకు తోటల నడుమ ఉన్న ఒక చిన్న పట్టణం. కాలం, 2009 మే నెలలో అంతర్యుద్ధం ముగిసిన తర్వాతి రోజులు. శరత్‌సిరి నడివయసు సింహళీయుడు, కుదవ (తాకట్టు) వ్యాపారి, ఒంటరి, పిసినారి, మాట పెద్దగా పెగలని మనిషి. సెల్వి శ్రీలంక ఉత్తర ప్రాంతపు తమిళ యువతి. యుద్ధంలో తోబుట్టువులను పోగొట్టుకుని, కన్నవాళ్లకు దూరమై, ఈ కొండల్లో ఎవరి ఇంటనో తలదాచుకుంటోంది. ఉన్న కాసిని నగలనూ ఒక్కొక్కటిగా తెచ్చి అతడి కొట్టులో కుదవ పెడుతూ ఉంటుంది. ఆశ్రయమిచ్చినవాళ్లు ఆమెను వయసు మళ్లిన ఒక ధనికుడికి కట్టబెట్టాలని చూస్తున్నారన్న సంగతి, తన ఇంట్లో పనిచేసే లక్ష్మి ద్వారా శరత్‌సిరికి తెలుస్తుంది. అప్పుడతడు తానే పెళ్లి చేసుకుంటానంటాడు. ఆమె ఒప్పుకుంటుంది. ఆ ఒప్పుకోవడంలో ప్రేమ ఎంత, వేరే దారి లేకపోవడం ఎంత అన్నది చిత్రం తేల్చి చెప్పదు, తేల్చకపోవడమే మంచిదైంది.

కొన్నాళ్లు కాపురం ఒక విధంగా కుదురుకుంటుంది. ఆ తర్వాత గామిణి అనే పాత మిత్రుడు ఇంటికి వస్తాడు. అతడి రాకతో, తన భర్త ఒకప్పుడు సైన్యంలో పనిచేశాడని సెల్వికి తెలుస్తుంది. అక్కడ అతడు ఏం చేశాడో, ఏం చేయకుండా ఊరుకున్నాడో ఇక్కడ రాయను; అది చిత్రంలోనే వినాలి. కథ అక్కడితో రెండుగా చీలిపోతుంది. అంతకు ముందు వచ్చిన ప్రతి మౌనానికీ అక్కడినుంచి కొత్త అర్థం వస్తుంది.

మా చిత్తూరు వైపు దీన్ని తాకట్టు అనరు, కుదవ అంటారు. నాకు పదేళ్లప్పుడు మా అమ్మతో కలిసి బజారు వీధిలోని సేట్ కొట్టుకు వెళ్లిన సంగతి ఈ చిత్రం చూస్తుంటే పదేపదే గుర్తొచ్చింది. అమ్మ చేతి గాజులు రెండు కొంగు ముడిలో ఉన్నాయి. సేట్ వాటిని తీసుకుని, నల్లని గీటురాయి మీద ఒక గాజు అంచును సన్నగా రుద్ది, ఆ పసుపుపచ్చని గీత మీద ఏదో ద్రావకపు చుక్క వేసి, ఆ గీత నిలుస్తుందా కరుగుతుందా అని చూస్తూ కూర్చున్నాడు. తర్వాత చిన్న త్రాసులో తూచి, ‘తరుగు తీసేస్తే ఇంతే వస్తుంది అక్కా’ అన్నాడు. అమ్మ ఇంకొంచెం అడిగింది. అతడు ఇంకొంచెం తలూపాడు. చీటీ రాసి ఇచ్చాడు. ఆ పావుగంటలో సేట్ ఒక్కసారి కూడా అమ్మ ముఖంలోకి చూడలేదు. అప్పుడు నాకది పొగరనిపించింది. చాలా ఏళ్ల తర్వాత, అది ఆ వృత్తిలోని మర్యాద అని అర్థమైంది. గాజులు తీసి ఇస్తున్న మనిషి ముఖాన్ని చూడకూడదు. చూస్తే ఆమె తల దించుకోవలసి వస్తుంది, లేదా తను ధర పెంచవలసి వస్తుంది.

శరత్‌సిరి ఆ నియమాన్ని తప్పుతాడు. గల్లాకు ఇవతల కూర్చున్న మనిషి అవతల నిలబడ్డ మనిషిని పట్టించుకోవడం మొదలుపెడతాడు. ఈ ప్రేమకు పునాది అదే, దీని లోపమూ అదే. ఎందుకంటే ఆ ఇద్దరి మధ్య మొదటి సంబంధం అవసరానికీ డబ్బుకూ మధ్య ఉన్నది. పెళ్లయ్యాక కూడా శరత్‌సిరి మనసులో గల్లా అలాగే ఉండిపోతుంది: నేను ఆదుకున్నాను, నేను తిండి పెడుతున్నాను, నేను మంచివాణ్ని, కాబట్టి నాకు రావలసినది వస్తుంది. సెల్వి కొట్టులో కూర్చోవడం మొదలుపెట్టి, వచ్చినవాళ్ల కష్టం చూసి చేయి జారవిడిస్తే అతడికి గొంతులో ముల్లు పడినట్టవుతుంది. అతడు చెడ్డవాడు కాడు. కానీ కుదవ వ్యాపారికి అలవాటైన ఒక నమ్మకం అతడి ఎముకల్లో ఉంది: అసలూ వడ్డీ కట్టేస్తే ఏ వస్తువునైనా విడిపించుకోవచ్చునని. తన గతాన్ని కూడా అలాగే విడిపించుకోవచ్చుననుకుంటాడు. కొట్టు అమ్మేద్దాం, భారతదేశానికి వెళ్లిపోదాం అని అతడు భార్య దగ్గర ప్రాధేయపడే ఘట్టాల్లో నాకు జాలి, కోపం రెండూ కలిగాయి. అతడు క్షమాపణ అడుగుతున్నాడా, బాకీ తీర్చి చీటీ చించేయమంటున్నాడా అన్నది ఆ ముఖంలో తెలియదు.

ఈ కథకు మూలం రష్యన్ రచయిత దోస్తయెవ్‌స్కీ 1876లో రాసిన పెద్ద కథ. పీటర్స్‌బర్గ్‌లో ఒక కుట్టుపని చేసే యువతి దేవతా పటాన్ని గుండెకు హత్తుకుని కిటికీలోంచి దూకి చనిపోయిందన్న పత్రికా వార్త అతడిని కదిలించి ఆ కథ రాయించింది. అందులో కుదవ వ్యాపారి ఒకప్పుడు సైనికాధికారి. ద్వంద్వయుద్ధానికి వెనుకాడి, పిరికివాడన్న ముద్రతో దళాన్ని వదిలి వచ్చినవాడు. ముప్ఫై వేల రూబుళ్లు కూడబెట్టి క్రిమియా వెళ్లి బతకాలని అతడి ఆశ. ఈ కథను 1969లో ఫ్రెంచి దర్శకుడు రాబేర్ బ్రెసాఁ పారిస్‌కు తెచ్చాడు. మన దేశపు దర్శకుడు మణి కౌల్ ‘నజర్’ పేరుతో బొంబాయికి తెచ్చాడు. అంటే వితానగె ఎత్తుకున్నది ఇదివరకే గొప్పవాళ్ల చేతులు పడిన కథ.

ఆ చేతులు చేయని పని ఒకటి ఇతడు చేశాడు. మూలంలోని వ్యాపారిని వేధించేది తన పరువు: నలుగురూ తనను పిరికివాడనుకున్నారన్న కుమిలిపాటు. శరత్‌సిరిని వేధించేది ఇంకొకరి చావు. ఒకచోట గాయపడింది అతడి అహం, ఇంకోచోట అతడి చేతిమీదుగా గాయపడింది మరో జాతి. ఈ ఒక్క మార్పుతో కథ బరువంతా మారిపోయింది. పీటర్స్‌బర్గ్ భార్యకు భర్త అర్థం కాని మనిషి. సెల్వికి భర్త ఒక్కసారిగా మరీ ఎక్కువగా అర్థమైపోయిన మనిషి. నిద్రపోతున్న భర్త ముందు భార్య తుపాకీతో నిలబడే ప్రసిద్ధ ఘట్టం మూలకథలో ఒక వింత పంతంలా కనిపిస్తుంది. యుద్ధం ముగిసిన దేశంలో, ఆ తుపాకీ ఒక సింహళ సైనికుడిదీ ఆ చేయి ఒక తమిళ యువతిదీ అయినప్పుడు, అదే ఘట్టానికి ఇరవై ఆరేళ్ల చరిత్ర వెనకాల నిలబడుతుంది.

ఆ చరిత్రను రెండు మాటల్లో గుర్తుచేసుకోవడం అవసరం, ఎందుకంటే చిత్రం దాన్ని ఎక్కడా వివరించదు. 1983 జూలైలో కొలంబోలోనూ ఇతర పట్టణాల్లోనూ తమిళులపై జరిగిన దారుణ హింసతో మొదలైన యుద్ధం, 2009 మేలో ముల్లైత్తీవు తీరంలోని ఇసుక పట్టీ మీద ముగిసింది. ఆఖరి నెలల్లో నలభై వేల మంది దాకా సామాన్యులు చనిపోయి ఉండవచ్చునని ఐక్యరాజ్యసమితి నియమించిన నిపుణుల బృందం 2011లో పేర్కొంది. బతికి బయటపడిన దాదాపు మూడు లక్షల మందిని వవునియా దగ్గర ముళ్లకంచెల మధ్య శిబిరాల్లో ఉంచారు. వాటిలో పెద్దదైన మెనిక్ ఫామ్‌ను 2012 సెప్టెంబరులో, అంటే ఈ చిత్రం బయటికి వచ్చిన కాలంలోనే మూసివేశారు. కొలంబో వీధుల్లో విజయోత్సవాలు జరుగుతున్న రోజుల్లో ఒక సింహళ దర్శకుడు ఇలాంటి కథ తీయడం ఎంత తెగువో ఆ తేదీని బట్టి ఊహించుకోవచ్చు. ఆయనకు ఇది కొత్త కాదు. మూతవేసిన శవపేటికలో వచ్చిన కొడుకు నిజంగా చనిపోయాడని నమ్మని ఒక అంధుడైన తండ్రి కథగా ఆయన 1997లో తీసిన ‘పురహంద కళువర’ను ప్రభుత్వం 2000లో ఆపితే, మరుసటి ఏడాది సుప్రీంకోర్టు తీర్పుతో విడుదలైంది.

కుదవ కొట్టును కథకు కేంద్రంగా పెట్టుకోవడం మొదట్లో నాకు కేవలం మూలకథకు విధేయత అనిపించింది. తర్వాత ఆలోచిస్తే, శ్రీలంక తమిళులకు బంగారం అంటే ఏమిటో గుర్తొచ్చింది. ఇల్లు వదిలి పరుగెత్తేవాళ్లు వెంట తెచ్చుకోగలిగిన ఆస్తి ఒంటిమీది నగ ఒక్కటే. తమిళ పులుల (ఎల్‌టీటీఈ) ఆధీనంలోని ప్రాంతాల్లో జనం అక్కడి బ్యాంకుల్లో కుదవ పెట్టిన నగలు యుద్ధం ముగిశాక ప్రభుత్వ బలగాల చేతికి చిక్కాయి. వాటిలో కొన్నింటిని 2014 డిసెంబరులో, ఎన్నికల ముందు, అసలు యజమానులకు అధ్యక్షుడు తిరిగి ఇచ్చాడు. అప్పుచీటీ రాసిన సంస్థే భూమి మీద లేకుండా పోయాక, ఆ చీటీని చేతిలో పట్టుకుని అయిదేళ్లు ఎదురుచూసిన మనుషుల గురించి తలచుకుంటే, సెల్వి గల్లా మీద పెట్టే ప్రతి చిన్న నగా మరింత బరువుగా కనిపిస్తుంది.

ఇక నెమ్మది గురించి. ఈ చిత్రం నెమ్మదిగా నడుస్తుందని చెప్పడం తేలిక. ఎందుకంత నెమ్మదో చెప్పడం కొంచెం కష్టం. మనకు ‘సాగదీశారు’ అన్న మాట ఒకటి ఉంది, అది సరైన సందర్భంలో సరైన మాటే. చెప్పవలసినది అయిపోయాక కూడా చెబుతూ ఉంటే అది సాగదీత. ఇక్కడ జరిగేది దానికి తలకిందులు: చెప్పవలసినది ఉంది, చెప్పవలసిన మనిషి చెప్పడం లేదు. కాలం గడుస్తున్న కొద్దీ చెప్పని మాట మీద వడ్డీ పెరుగుతోంది. శరత్‌సిరి పెళ్లికి ముందే తన సైనిక జీవితం గురించి ఒక్క మాట చెప్పి ఉంటే ఆమె కాదనేదేమో, కానీ ఇంత జరిగేది కాదు. రోజుకొక మామూలు దృశ్యం చొప్పున, భోజనం, కొట్టు, వాన, పొగమంచు, టీవీ, చీకటి అంటూ దర్శకుడు పేర్చుకుంటూ పోయిన వరుస అంతా ఆ వడ్డీ లెక్కే. మొదటిసారి అరగంటకే ఆపేసినప్పుడు నాకు ఈ లెక్క తెలియదు, అందుకే విసుగొచ్చింది. గామిణి వచ్చి వెళ్లాక ఆ ఖాళీ దృశ్యాలన్నీ వెనక్కి తిరిగి వచ్చి మీద పడతాయి.

ఒక చిన్న యాదృచ్ఛికం కూడా చెప్పాలి. కుదవను తమిళంలో ‘అడగు’ అంటారు. తెలుగు చెవికి అది ‘అడుగు’ అన్నట్టే వినిపిస్తుంది. ఆ ఇంట్లో అడగడమన్నదే లేదు. అతడు చెప్పడు, ఆమె అడగదు. అడిగిన నాటికి జవాబు భరించే స్థితి ఇద్దరికీ ఉండదు.

టీవీలో కుస్తీ పోటీల సంగతి విడిగా చెప్పుకోదగ్గది. కొట్టు కట్టేశాక శరత్‌సిరికి ఉన్న ఏకైక కాలక్షేపం అదే. నూనె పూసినట్టు మెరిసే శరీరాలతో బలిసిన మల్లులు ఒకరినొకరు ఎత్తి కుదేస్తూ, జనం కేకలు వేస్తూ ఉంటే, ఈ మనిషి ముఖంలో ఏ భావమూ లేకుండా చూస్తూ కూర్చుంటాడు. మొదట నవ్వొస్తుంది. కానీ ఆ పోటీల్లో దెబ్బలు ముందే నిర్ణయమైనవనీ, పడిపోయినవాడు మళ్లీ లేస్తాడనీ అందరికీ తెలుసు. పడిపోయినవాళ్లు మళ్లీ లేవని చోటినుంచి వచ్చిన మనిషికి ఆ అబద్ధపు కొట్లాట ఒక మందులాంటిదని రెండోసారి చూసినప్పుడు స్ఫురించింది. దీన్ని ఏ పాత్రా నోటితో చెప్పదు; దర్శకుడు టీవీని అలా నడవనిచ్చి ఊరుకుంటాడు.

శరత్‌సిరిగా శ్యామ్ ఫెర్నాండో నటన గురించి ఒకటే మాట: ఆయన ఎక్కడా మన సానుభూతిని అడుక్కోలేదు. భుజాలు కొంచెం వంచి, గొంతు పెంచకుండా, ప్రతి రూపాయినీ ప్రతి మాటనూ ఒకేలా ఆచితూచి బయటికి తీసే మనిషిని చూపించాడు. అలాంటివాడు చివర్లో ఒక్కసారిగా మాటలు కుమ్మరించడం మొదలుపెడితే చూడటానికి ఇబ్బందిగా ఉంటుంది, ఉండాలి కూడా.

సెల్విగా అంజలీ పాటిల్. ‘నా బంగారు తల్లి’లో ఈమెను చూసినవాళ్లకు పరిచయం అక్కర్లేదు; ఆ తెలుగు చిత్రానికి ఆమె జాతీయ పురస్కారాల్లో ప్రత్యేక ప్రస్తావన అందుకుంది. నాసిక్‌కు చెందిన ఈ మరాఠీ నటి, శ్రీలంక తమిళ యువతిగా నటించిన ఈ పాత్రకు 2012లో గోవా అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటిగా రజత మయూరం గెలుచుకుంది. పురస్కారం సంగతి పక్కన పెడితే, ఆమె చేసిన అసలు కష్టం వేరే ఉంది. సెల్వి సాధువైన అమ్మాయి అని మనం తేల్చేసుకోబోయే ప్రతిసారీ, చూపులో ఏదో మొండితనం తళుక్కుమని, ఆ తీర్పును చెరిపేస్తుంది. నిజం తెలిసిన తర్వాత ఆమె కేకలు వేయదు, శాపనార్థాలు పెట్టదు. ఆమె కూర్చునే తీరు మారుతుంది. ఒకే గదిలో ఉంటూ భర్తకు ఎంత దూరంగా ఉండవచ్చో అంత దూరంగా ఉంటుంది. మన సినిమాల్లో భార్యాభర్తల మధ్య దూరం అంటే ఒక విషాద గీతం. ఇక్కడ అది నేల మీద కొలవగలిగిన దూరం.

ఎం.డి. మహిందపాల ఛాయాగ్రహణంలో ఆ కొండసీమ పర్యాటక చిత్రపటంలా ఉండదు. పచ్చదనం ఉంది, కానీ అది తడిసి, ముసురుపట్టి, గదుల్లోకి చలిలా వచ్చే పచ్చదనం. లక్ష్మణ్ జోసెఫ్ ద సారమ్ సంగీతం చాలాసేపు ఉందో లేదో తెలియనంత పొదుపుగా ఉంది. కూర్పరి ఎ. శ్రీకర్ ప్రసాద్ మన తెలుగువాడు, ఎల్.వి. ప్రసాద్ గారి తమ్ముడు సంజీవి గారి కుమారుడు. వితానగెతో ఆయన ఇంకా ఎన్నో చిత్రాలకు పనిచేశారు. జోరుగా పరుగెత్తే మన వాణిజ్య చిత్రాలను కూర్చిన చేతులే, ఒక మనిషి మౌనంగా కూర్చున్న దృశ్యాన్ని ఎంతసేపు ఉంచాలో, ఏ క్షణంలో తుంచాలో ఇంత కచ్చితంగా నిర్ణయించాయంటే ముచ్చటేస్తుంది. నెమ్మదిగా నడిచే చిత్రాలకు కూర్పు సులువని చాలామంది అనుకుంటారు. నా ఉద్దేశంలో అక్కడ ఒక్క అరసెకను ఎక్కువైనా దొరికిపోతారు.

భాష విషయంలో నాకు ఒక ఫిర్యాదు ఉంది, అది చిత్రం మీద కాదు, నేను చూసిన ప్రతిలోని ఉపశీర్షికల మీద. ఈ చిత్రంలో సింహళం, తమిళం రెండూ వినిపిస్తాయి. భర్తతో సెల్వి మాట్లాడేది అతడి భాష. తన భాష ఆమెకు దొరికేది వేరే చోట్ల. సరిహద్దు జిల్లాలో పుట్టినందువల్ల నాకు తమిళం తెలుసు, సింహళం బొత్తిగా తెలియదు. అందువల్ల నేను అనుకోకుండానే సెల్వి పక్షాన కూర్చున్నాను: ఆమె తమిళంలోకి మారిన ప్రతిసారీ నాకు ఊపిరి తీసుకున్నట్టు ఉండేది, మళ్లీ సింహళంలోకి వెళ్లగానే ఎవరి ఇంట్లోనో కూర్చున్నట్టు ఉండేది. ఉపశీర్షికల్లో మాత్రం రెండు భాషలూ ఒకే తెల్లని అక్షరాలు. ఏ భాష వింటున్నామో చెప్పే గుర్తు ఏదీ లేదు. రెండు భాషలూ తెలియని ప్రేక్షకుడు ఈ చిత్రంలో సగం నాటకాన్ని, ఎవరు ఎవరి భాషలోకి వెళ్లి బతుకుతున్నారన్న దాన్ని, పూర్తిగా పోగొట్టుకుంటాడు.

ఇంత మెచ్చుకున్నాక, నన్ను తొలిచిన లోపం గురించి దాచడం న్యాయం కాదు. మూలకథ మొత్తం వ్యాపారి నోట నడుస్తుంది. భార్య మృతదేహం ఎదురుగా ఉండగా అతడు తనకు తానే చెప్పుకునే కథ అది. కాబట్టి ఆ అమ్మాయి మనసు మనకు తెలియకపోవడం అక్కడ రచయిత ఎత్తుగడ. అతడికి తెలియదు, అందుకే మనకూ తెలియదు. ఆ తెలియకపోవడమే అతడి నేరం. సినిమాలో కెమెరా శరత్‌సిరి కన్ను కాదు. అది ఆ ఇంట్లో ఎక్కడికైనా వెళ్లగలదు, సెల్వి ఒంటరిగా ఉన్నప్పుడు ఆమె పక్కన కూర్చోగలదు. అయినా దర్శకుడు చాలాచోట్ల ఆమెను బయటినుంచే, అతడికి కనిపించినంత మేరకే చూపించాడు. ఉత్తరాదిన ఆమె పోగొట్టుకున్నది ఏమిటో కొన్ని మాటల్లో వింటాం. శరత్‌సిరి గతానికి మాత్రం ఒక మిత్రుడు, ఒక మద్యం సీసా, ఒక పూర్తి ఘట్టం దొరికాయి. ఆ గామిణి ఘట్టం కూడా, అంతవరకూ ఇంత పొదుపుగా నడిచిన చిత్రంలో, చెప్పవలసిన సమాచారాన్ని చెప్పించడానికి పెట్టినట్టు కొంచెం బయటపడిపోతుంది.

దీనికి ఇంకో పక్క ఉంది. 2014 జూన్‌లో ఈ చిత్రాన్ని భారతదేశంలో కొన్ని నగరాల్లో విడుదల చేసినప్పుడు, కొన్ని తమిళ సంఘాల అభ్యంతరాల వల్ల చెన్నైలో ప్రదర్శన ఆగిపోయింది. సింహళ దర్శకుడు, సింహళ సైనికుడి మీద సానుభూతి, అతడిని పెళ్లాడే తమిళ యువతి అన్న మూడు ముక్కలు వింటే ఎవరికైనా అనుమానం వస్తుంది, దాన్ని తప్పుపట్టలేను. చిత్రం చూస్తే మాత్రం ఆ అనుమానం నిలవదు. ఇందులో సైనికుడికి క్షమ దొరకదు. చిత్రం పట్టుదలంతా అది దొరకకుండా చూడటంలోనే ఉంది. అతడు నిజంగానే పశ్చాత్తాపపడుతున్నాడు, నిజంగానే ప్రేమిస్తున్నాడు, అయినా సరే అతడికి అది దక్కే హక్కు లేదు. కావాలంటే అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఒక సింహళ పురుషుడికి బుద్ధి రావడం కోసం ఒక తమిళ స్త్రీ ఇంత మూల్యం చెల్లించాలా? ఆ ప్రశ్నకు చిత్రంలో జవాబు ఉందని నేను అనుకోను. మూడోసారి చూశాక కూడా ఆ విషయంలో నాకు దర్శకుడితో పేచీ మిగిలే ఉంది.

ఇంట్లో పనిచేసే లక్ష్మి మీద ఇంకొంచెం సేపు కెమెరా నిలిచి ఉంటే బాగుండేది. లక్ష్మి లాంటి కొండసీమ తమిళులు బ్రిటిషువాళ్ల కాలంలో దక్షిణ భారతం నుంచి కాఫీ, తేయాకు తోటలకు కూలికి వెళ్లినవాళ్ల సంతతి. 1948 చట్టంతో పౌరసత్వమే పోగొట్టుకున్నవాళ్లు. ఉత్తరాది తమిళుల యుద్ధం ఒకటి, వీళ్ల కష్టం ఇంకొకటి. ఆ పట్టణంలో సెల్వి తమిళులలో కూడా పరాయిదే. ఇంటి యజమానికి సంగతులు చేరవేసేదీ, ఇద్దరి మధ్యా తిరిగేదీ లక్ష్మే. ఇద్దరి గురించీ ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

చూడదలచినవాళ్లకు ఒక సలహా: రాత్రి పొద్దుపోయాక పెట్టుకోకండి, నిద్ర వస్తుంది, ఫోను పక్క గదిలో పెట్టి, పగలు, ఒకే విడతలో చూడండి. ముగింపు ఏమిటో మూలకథ తెలిసినవాళ్లకు ముందే తెలుసు, తెలియనివాళ్లకు నేను చెప్పను. తెలిసినా దాని దెబ్బ తగ్గదని మాత్రం చెప్పగలను. ఆఖరి పావుగంట మునుపటి నడకతో పోలిస్తే కొంచెం తొందరపడిందనిపించింది. అంతసేపు ఓపిక పట్టిన దర్శకుడు ఇంకో అయిదు నిమిషాలు పట్టి ఉండవలసింది.

అమ్మతో కలిసి చూసిన రోజు, ఆమె సినిమా మొత్తం మాట్లాడలేదు. సగంలో లేచి వెళ్తుందేమో అనుకున్నాను, వెళ్లలేదు. సెల్వి తమిళం మాట్లాడినప్పుడల్లా కొంచెం ముందుకు వంగి వింది. అంతా అయిపోయి పేర్లు పడుతుండగా, కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ, ‘అయితే పెళ్లికి ముందు ఆ పిల్ల కుదవ పెట్టిన నగలు ఆయన ఎప్పుడు తిరిగిచ్చినాడురా? నేను సరిగ్గా చూడలేదా?’ అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. రిమోటు తీసుకుని సినిమాను వెనక్కి తిప్పడం మొదలుపెట్టాను.